ఏ మందుకు ఆ పుస్తకం

పెనుమూడి రేవుకి ఎదురుగా, కృష్ణ మధ్యలో ఉన్న లంకలో బసవేశ్వరరావు గారు ఆ ఏడు కంద వేశారు. అది అరవై ఏడో సంవత్సరం. వేసేటప్పుడే నలుగురూ చెప్పారు, రెల్లులో అడవి పందులు చేరాయి, దుంప పంట పెట్టుకోవద్దని. ఆయన వినలేదు. ఇంట్లో నాన్న నాటి జోడు గొట్టాల తుపాకి ఉంది, లైసెన్సుంది, చేతిలో గురి ఉంది. పందులకి భయపడి పంట మార్చుకోవడం ఏంటన్నారు. శ్రావణం వచ్చేసరికి పందులు రానే వచ్చాయి. ఒక మూల నుంచి మొదలుపెట్టి, నాగలి పెట్టి దున్నినట్టు మళ్ళు మళ్ళే తిరగేశాయి. తీరా చూసుకుంటే తుపాకిలోకి ఒక్క తూటా లేదు.

తెనాలిలో వెంకటకృష్ణయ్య గారి తుపాకుల కొట్టుకి వెళ్ళారు. వెంకటకృష్ణయ్య గారు పెద్దాయన. బసవేశ్వరరావు గారి తండ్రికి కూడా ఆయనే తూటాలు అమ్మాడు.

"ఎప్పుడొస్తాయి బాబాయి గారూ?"

"వచ్చినప్పుడు వస్తాయి. నాకు చెప్పి వస్తాయా? చైనా గొడవ నుంచీ ఇంతే. పైవాళ్ళు ఇచ్చేది చారెడు, అడిగేవాళ్ళు బారెడు." పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టి, "కాల్చేసిన తూటాల డొల్లలు దాచావా?" అని అడిగాడు.

"ట్రంకు పెట్టెడున్నాయి."

"మరింకేం? ఇంటి దగ్గర మళ్ళీ నింపుకో. తుపాకి మందుంది, క్యాపులున్నాయి, గుళ్ళున్నాయి. నీ లైసెన్సులో మందు కొనుక్కోవచ్చని రాసే ఉంది."

బసవేశ్వరరావు గారికి ప్రాణం లేచొచ్చింది. "ఒక్కో డొల్లకి మందు ఎంత పొయ్యాలి?"

"అది మాత్రం నన్నడక్కు. నేను అమ్మేవాణ్ణి, నేర్పేవాణ్ణి కాదు. నేనొకటి చెప్తాను, నువ్వొకటి వింటావు, చివరికి కన్ను పోతుంది. దానికి పుస్తకాలుంటాయి. మంచి పుస్తకం చూసుకుని చెయ్యి."

"ఈ మందుతో పాటు కాగితమేమీ రాదా?"

"పెట్టెకి ఒకటి వచ్చింది. ఎవరో పట్టుకుపోయారు."

ఆ విధంగా బసవేశ్వరరావు గారు ఒక చేతిలో మందు డబ్బా పట్టుకుని, జీవితంలో మొదటిసారి పుస్తకాల కోసం బయలుదేరారు. ఆయన చదివింది ఎనిమిదో క్లాసు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలరు, అంకెలు వచ్చు, అంతకు మించి రాదు. అందుకని రేపల్లె హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే కృపారావు మేష్టారి సాయం అడిగారు. మేష్టారు లూథరన్ గుడిలో పాటలు పాడించేవాడు. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. చేపలు పట్టే సరదాతో శనివారం పూట లంకకి వచ్చేవాడు. అలా వచ్చి వచ్చి ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఒకరినొకరు ఎప్పుడూ మీరనే అనుకునేవారు. లంకలో పాకలో కూచుని ఒకే కారియర్లో అన్నం తినేవారు. ఆ రోజుల్లో పెనుమూడిలో అది ఎవరి కంటికీ చిన్న విషయం కాదు.

తరువాతి శనివారం ఇద్దరూ తెనాలి బోసు రోడ్డులో పుస్తకాల కొట్లన్నీ తిరిగారు. మొదటి కొట్లో గుమాస్తా అంతా విని, లోపలికి వెళ్ళి ఆయుధ పూజా విధానం తెచ్చిచ్చాడు. రెండో కొట్లో, "అలాంటివి మేం అమ్మమండి, పోలీసులొస్తారు" అన్నారు. మూడో కొట్టాయన మాత్రం ఎంతో ఉత్సాహంగా నిచ్చెనెక్కి, దుమ్ము దులిపి ఒక పల్చటి పుస్తకం కిందికి దించాడు. దీపావళి మందుగుండు ఇంట్లోనే చేసుకునే పద్ధతి. అట్ట మీద చిచ్చుబుడ్డి బొమ్మ.

"మందు మందేగా మేష్టారూ, ఇందులో ఏమన్నా పనికొస్తుందేమో చూడండి" అన్నారు బసవేశ్వరరావు గారు.

"కాదండి. దీనికీ దానికీ సంబంధం లేదు. పక్కన పెట్టండి."

చివరి కొట్టాయన జాలిపడి, మద్రాసు నుంచి వీపీపీ పోస్టులో తెప్పిస్తానన్నాడు. తెప్పించాడు. రావడానికి వినాయక చవితి దాటింది. ఈలోగా పందులు ఇంకో రెండు మళ్ళు తిన్నాయి.

వచ్చింది అమెరికా పుస్తకం. ఇటుకంత లావుంది. లోపల నున్నటి కాగితం, ఫోటోలు. బసవేశ్వరరావు గారు వీధి అరుగు మీద చాప పరిచి, మేష్టార్ని కూచోబెట్టి, "చదవండి" అన్నారు. మేష్టారు చదివాడు. ఒక శనివారమంతా చదివాడు. మొదటి సగం యంత్రాల గురించే. గోడకి బిగించుకునే యంత్రం, మీట నొక్కితే దానంతటదే నింపే యంత్రం. డొల్లలన్నీ ప్లాస్టిక్కువి. బసవేశ్వరరావు గారి పెట్టెలో ఉన్నవి అట్ట డొల్లలు, కొన్ని ఇత్తడివి. ఆఖర్న పట్టికలున్నాయి, పేజీల కొద్దీ. ఒక్కో రకం మందుకి ఒక్కో లెక్క. డబ్బా మీది పేరు ఆ పట్టికల్లో ఎక్కడా లేదు.

"ఇంకోసారి చూడండి."

"మూడుసార్లు చూశానండి. ఇవన్నీ వాళ్ళ దేశపు మందులు."

"ఇంత లావు పుస్తకం రాసినవాడు మన మందు పేరు ఒక్కచోట రాయలేకపోయాడా!" ఆయన పుస్తకాన్ని మూసి అరుగు మీద ఎంత గట్టిగా పెట్టారంటే, లోపల్నుంచి ఆయన భార్య మాణిక్యాంబ గారు ఏం పడిందోనని పరుగున వచ్చింది.

మేష్టారు మాత్రం పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి మొదటి నుంచీ చదివాడు. ముందుమాటలో ఒక మాట ఆయన్ని పట్టుకుంది. ఒక మందుకి చెప్పిన లెక్క ఇంకో మందుకి వాడకూడదు. పాత పుస్తకాల్లోని లెక్కలు కొత్త మందులకి వాడితే గొట్టం పగులుతుంది. ఆ వాక్యం కింద గీత గీసుకుని, వెంటనే మందు తయారుచేసే ఫ్యాక్టరీకి ఒక ఉత్తరం రాసి పోస్టులో పడేశాడు, డబ్బాతో రావలసిన కాగితం మళ్ళీ పంపమని. జవాబు రాలేదు.

భాద్రపదం చివర్లో బాపట్ల సంగతి తెలిసింది. మేష్టారి గుడికి వచ్చే ఒకాయన చెప్పాడు. బాపట్లలో విజయమ్మ గారని ఒక పెద్దావిడ ఉంది. ఆవిడ భర్త అడవుల శాఖలో పెద్ద ఉద్యోగం చేసి పోయాడు. వేట పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయిట.

రేపల్లె నుంచి పాసింజరులో తెనాలి, అక్కడ దిగి ఇంకో రైలు. రెండోది ఎప్పుడూ ఆలస్యమే. బాపట్ల చేరేసరికి పొద్దెక్కింది. విజయమ్మ గారు వాళ్ళని వరండాలో కూచోబెట్టి మజ్జిగ ఇచ్చింది. పొట్టిగా, తెల్లచీరలో, మాట కరుకు.

"పుస్తకం ఇంటి గడప దాటదు. చదువుకుంటే ఇక్కడే చదువుకోండి. అరువిచ్చిన పుస్తకం తిరిగొచ్చినట్టు నేను పుట్టాక చూడలేదు."

బీరువా తెరిస్తే సగం పుస్తకాలు చెదలు తిన్నాయి. మిగిలిన వాటిలో ఒకటి అచ్చంగా వాళ్ళకి కావలసిందే. తోలు అట్ట, ఇంగ్లండులో అచ్చు. అట్ట డొల్ల ఎలా చూసుకోవాలి, ఇత్తడి డొల్ల ఎలా చూసుకోవాలి, అన్నీ బొమ్మలతో ఉన్నాయి. ఆ బొమ్మలో డొల్ల తన పెట్టెలోని డొల్లలాగే ఉండటం చూసి బసవేశ్వరరావు గారు చిన్నపిల్లాడిలా నవ్వారు. అది చూసి విజయమ్మ గారు కూడా నవ్వింది.

"చదవండి మేష్టారూ! ఎంత పొయ్యమన్నాడు?"

మేష్టారు చదవలేదు. ముందు పేజీ తిప్పి అచ్చు వేసిన ఏడు చూశాడు. మళ్ళీ లెక్కల పేజీకి వచ్చాడు. మళ్ళీ ముందుకి వెళ్ళాడు.

"ఏంటండి?"

"ఇది మన తాతల నాటి పుస్తకమండి. అప్పుడు ఉన్నది పొగమందు. ఈయన మందు అన్నప్పుడల్లా దాన్నే అంటున్నాడు. మీ డబ్బాలోది పొగ రాని మందు. దాని జోరు వేరు. ఈ లెక్క దానికి పెడితే చాలా ఎక్కువైపోతుంది."

"అలాగని ఇందులో రాశాడా?"

"ఇందులో ఎలా రాస్తాడండీ, అప్పటికి ఈ మందే లేకపోతే? అమెరికా పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం పనికిరాదన్నారు. ఇప్పుడు ఇదీ పనికిరాదంటున్నారు."

"లెక్కలకి పనికిరాదన్నాను. హెచ్చరిక ఎవరికైనా హెచ్చరికేనండి. ఫ్యాక్టరీ వాళ్ళ కాగితం వచ్చేదాకా ఆగుదాం."

బసవేశ్వరరావు గారు లేచి నిలబడ్డారు. రెండు నెలల రైళ్ళు, కొట్లు, చెదలు, తవ్విపోసిన మళ్ళు అన్నీ కలిసి ఆయన ముఖంలోకి వచ్చాయి. "ఆగుదాం, ఆగుదాం. పందులు ఆగుతాయా? ఆ లెక్క ఎంతో చెప్పండి. తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

"నేను చెప్పనండి."

"చదవమని తీసుకొచ్చాను. నువ్వు చదవడానికొచ్చావా, నాకు నీతులు చెప్పడానికొచ్చావా?"

ఆ 'నువ్వు' ఆయన నోట్లోంచి వచ్చేసింది. విజయమ్మ గారు మజ్జిగ గ్లాసులు తీస్తున్న చెయ్యి ఆపింది. కృపారావు మేష్టారు పుస్తకం మూసి, బల్ల మీద మెల్లగా పెట్టి, ఆవిడకి దణ్ణం పెట్టి మెట్లు దిగాడు.

తెనాలిలో రైలు మారేటప్పుడు ఇద్దరూ ఒకే ప్లాట్‌ఫారం మీద రెండు చివర్లలో నిలబడ్డారు. రేపల్లె బండిలో వేరే వేరే పెట్టెలెక్కారు. మేష్టారికి మాటలు పడటం కొత్తకాదు. కానీ ఈ మనిషి నోటి నుంచి పడతానని అనుకోలేదు. ఆ తర్వాత శనివారం ఆయన చేపలకి రాలేదు.

బసవేశ్వరరావు గారు ఒక్కరే మళ్ళీ బాపట్ల వెళ్ళారు. విజయమ్మ గారు బీరువా తాళం తీస్తూ, "మీ మేష్టారు రాలేదేం?" అని అడిగింది.

"ఆయనకి తీరిక లేదండి."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. "ఆ రోజు ఆయన వద్దన్నది నేనూ విన్నాను నాయనా. మా ఆయన కూడా ఈ పుస్తకం బొమ్మల కోసమే చూసేవాడు."

"ఒక్కసారి చూసి ఇచ్చేస్తానమ్మా."

అంకెలు ఆయనకి వచ్చు. కావలసిన పేజీ గుర్తుంది. మాటలు వదిలేసి, అంకె ఒక్కటీ చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు అరుగు మీద అన్నీ ముందేసుకుని కూచుని రెండు తూటాలు నింపారు. మందసలే పిసరంత బరువు. కంసాలి దగ్గర్నుంచి తెచ్చిన త్రాసు గాలికి ఊగుతుంటే తిట్టుకుంటూ, చెమటలు తుడుచుకుంటూ నింపారు. మాణిక్యాంబ గారు గుమ్మంలో నిలబడి చూసింది.

"మేష్టారు సరేనన్నారా?"

ఆయన త్రాసు సర్దుకున్నారు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. మేష్టారు సరేనన్నారా?"

"ప్రతిదానికీ మేష్టార్నడగాలా! పుస్తకంలో ఉంది. చూసి రాసుకొచ్చాను."

 ఆవిడ లోపలికి వెళ్ళి తుపాకిని వడ్ల గాదె గదిలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొల్లో దోపుకుంది. తర్వాత పడవ నడిపే యలమందని పిలిచి, "రేపల్లె వెళ్ళి మేష్టార్ని తీసుకురా. ఆయన పిలవలేదు, నేను రమ్మన్నానని చెప్పు" అంది.

బసవేశ్వరరావు గారు ఆవిడ మీద అరిచారు. గుమ్మం దగ్గర చెంబు తన్నారు. తాళం మాత్రం రాలేదు. ఆవిడ వంటింట్లో కూచుని చిక్కుళ్ళు తుంచుతూనే ఉంది.

మేష్టారు మధ్యాహ్నం సైకిలు మీద వచ్చాడు. అరుగు మీదికి ఎక్కకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. మాణిక్యాంబ గారు బయటికి వచ్చి, "అన్నయ్యా, ఈయన రెండు తూటాలు నింపారు. తాళం ఇవ్వమంటారా, వద్దంటారా? మీరే చెప్పండి" అంది.

"ఆ పుస్తకం లెక్కతోనా అమ్మా?"

"అవునంటున్నారు."

మేష్టారు సైకిలుకి స్టాండు వేశాడు. తర్వాత బసవేశ్వరరావు గారి వైపు తిరిగాడు. "నా మాట మీరు వినరు. వినమని కూడా అనను. చెంప పక్కన పెట్టుకుని మాత్రం కాల్చకండి. లంకలో మొద్దుకి కట్టండి. దూరంగా గట్టు వెనక పడుకుని తాడు లాగుదాం. ఏమీ కాకపోతే నేనే మీకు చెప్పుకుంటాను, నాదే తప్పని."

"సరే. అలాగే చూద్దువుగాని" అన్నారు బసవేశ్వరరావు గారు, పంతంగా. మాణిక్యాంబ గారు తాళంచెవి మేష్టారి చేతికే ఇచ్చింది.

యలమందతో కలిసి మగవాళ్ళు ముగ్గురూ లంకకి దాటారు. చేను చివర పాత తాటి మొద్దుకి తుపాకిని తాళ్ళతో బిగించి, మీటకి పొడుగాటి తాడు కట్టారు. యలమంద పశువుల్ని అవతలికి తోలాడు. ముగ్గురూ గట్టు వెనక ఇసకలో బోర్లా పడుకున్నారు. తాడు బసవేశ్వరరావు గారి చేతిలోనే ఉంది. ఆయన లాగారు.

వచ్చింది తుపాకి చప్పుడు కాదు. బండరాయి పగిలినట్టు వినపడింది. రెల్లులోంచి కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. ఏదో ముక్క గాలిలో ఊళ వేసుకుంటూ వాళ్ళ తలల మీదుగా పోయి నీళ్ళలో పడింది.

దగ్గరికి వెళ్ళి చూస్తే కుడి గొట్టం అరటి దొప్ప చీల్చినట్టు విచ్చుకుని ఉంది. చెంప ఆనించుకునే చోట కర్ర లేదు. తాటి మొద్దులో ఇనప పెచ్చు దిగబడి ఉంది. యలమంద అది పీకబోయి, చెయ్యి కాలి వదిలేశాడు.

బసవేశ్వరరావు గారు ఆ కర్ర లేని చోటు కేసి చూస్తూ నిలబడ్డారు. చెయ్యి తనకి తెలియకుండానే కుడి చెంప మీదికి వెళ్ళింది. కాసేపటికి ఇసకలో కూలబడ్డారు. మేష్టారి మోచేతి మీద గట్టు రాయి గీరుకుని రక్తం కనపడింది.

"మీకేం కాలేదు కదండీ?" అన్నారు. 

"ఏం కాలేదండి. గీరుకుంది."

"మేష్టారూ, ఆ రోజు బాపట్లలో..."

"పదండి. ఆవిడ అక్కడ రేవులో చూస్తూ ఉంటుంది" అన్నాడు మేష్టారు, చెయ్యి అందించి.

ఆ తర్వాత కథంతా తిరగడమే. పగిలిన తుపాకి సంగతి పోలీసు స్టేషన్లో చెప్పుకోవాలి. చెప్పుకుంటే ఎలా పగిలిందో రాసివ్వమన్నారు. రాసిస్తే తాసీల్దారు ఆఫీసుకి వెళ్ళమన్నారు. అక్కడికి వెళితే గుమాస్తా సెలవు. పందిని కాదు కదా, కాకిని కూడా బెదిరించలేని ఆ ఇనపముక్కని గోనెలో చుట్టుకుని ఆయన రేపల్లెకి ఎన్నిసార్లు మోశారో. ఇంటికి వచ్చిన ప్రతిసారీ అరుగు మీద చతికిలబడి, అక్కడే పడి ఉన్న అమెరికా పుస్తకాన్ని పళ్ళు కొరుకుతూ చూసేవారు.

దీపావళి వెళ్ళాక ఫ్యాక్టరీ నుంచి కవరు వచ్చింది. మేష్టారు స్కూలు నుంచి నేరుగా పట్టుకొచ్చాడు. పుస్తకం కూడా కాదది. నాలుగు మడతల కాగితం. ఆ మందు పేరు పైనే ఉంది. ఏ డొల్లకి ఎంత, ఏ క్యాపు, ఏం చెయ్యకూడదు, అన్నీ ఒక్క పక్కన సరిపోయాయి. పాత కొలతల పుస్తకాల్లోని లెక్కలు ఈ మందుకి వాడరాదని లావుపాటి అక్షరాలతో ఉంది. మేష్టారు తెలుగు చేసి చదివాడు.

బసవేశ్వరరావు గారు రెండోసారి చదివించుకున్నారు. తన కాగితం మీది అంకెని ఆ పట్టికలో అంకె పక్కన పెట్టి చూసుకున్నారు. 

"ఇంత ముక్క" అన్నారు చివరికి. "దీని కోసమా మేష్టారూ, తెనాలి, మద్రాసు, బాపట్ల తిరిగాం? ఇంత ముక్క డబ్బాకి అంటించి పంపితే వాళ్ళ సొమ్మేం పోయింది?"

"పంపారండి. మధ్యలో పోయింది."

"అదే నా ఏడుపు. అన్నీ ఉన్నాయి. తుపాకి ఉన్నప్పుడు కాగితం లేదు, కాగితం వచ్చేసరికి తుపాకి లేదు."

ఆయన కోపం తప్పు కాదు గనక మేష్టారు సర్దిచెప్పలేదు. బసవేశ్వరరావు గారు కాగితం మడతపెట్టి, మందు డబ్బాకి దారంతో కట్టి, రెండూ తెనాలి తీసుకెళ్ళి వెంకటకృష్ణయ్య గారికి తిరిగి ఇచ్చేశారు.

కార్తీకంలో మిగిలిన కందని ముందే తవ్వెయ్యాలని నిశ్చయించుకున్నారు. ఇంకో రెండు నెలలు భూమిలో ఉంటే బుట్టంత ఊరేవి. ఉంచితే పందులకే. శనివారం పొద్దున్నే కూలీలతో పాటు మేష్టారు కూడా గాలాలు ఇంట్లో వదిలేసి, గునపం పట్టుకుని పడవెక్కాడు. మాణిక్యాంబ గారు కారియర్లతో వచ్చింది.

దుంపలు పిడికిలంత, మహా అయితే కొబ్బరికాయంత ఉన్నాయి. బసవేశ్వరరావు గారు ఒక్కొక్కటీ మట్టి దులిపి చూసి, "ఇది చూడండి, ఇది కందా, వెల్లుల్లిపాయా?" అని తిట్టుకుంటూ బుట్టలో వేశారు. ఇలాంటివి కొల్లూరు సంతలో ఎవడు కొంటాడని మళ్ళీ తిట్టుకున్నారు.

"వచ్చే ఏడు పసుపు వేద్దాం. పందులు దాని జోలికి రావుట" అంది మాణిక్యాంబ గారు.

"ఎవరు చెప్పారు?"

"అందరూ చెప్పారు. వైశాఖంలోనే."

ఆయన ఏదో అనబోయి, మేష్టారు నవ్వు ఆపుకుంటుంటే చూసి మానేశారు.  గునపాలు దిగుతున్న చప్పుడే. మేష్టారి చేతులు బొబ్బలెక్కాయి. అది చూసి బసవేశ్వరరావు గారు గునపం లాక్కుని, "మీరు బుట్టలకెత్తండి, ఇది మీ పని కాదు" అన్నారు. అని, ఆ వరసంతా ఒక్కరే తవ్వారు, ఒక్కో పోటుకీ ఒక్కో పందిని తిట్టుకుంటూ.